14 ఏళ్ల కబడ్డీ రైడర్‌కి గజ్జల్లో నొప్పి: "నరం పట్టేసింది" అంటున్నారు, ఏం చేయాలి?

పాలకొల్లు_నాన్న | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, పద్నాలుగు నిండాయి. కబడ్డీలో రైడర్. నిన్న ప్రాక్టీస్ మ్యాచ్‌లో రైడ్‌కి వెళ్లి తిరిగొస్తుంటే వెనకనుంచి కార్నర్ కుర్రాడు చీలమండ పట్టేశాడు. వీడు ఎలాగైనా గీత అందుకోవాలని ఒళ్లంతా ముందుకు విసిరాడు. అప్పుడే తుంటి ముందువైపు "టక్"మందట. పక్కనున్నవాళ్లకి వినపడలేదు గానీ తనకి మాత్రం స్పష్టంగా తెలిసిందంటున్నాడు. లేవలేకపోతే ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకొచ్చారు.

ఇవాళ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. మంచం మీంచి దిగాలంటే తొడని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టుకుంటున్నాడు. గజ్జల్లో బిళ్ల కట్టిందేమోనని మా అమ్మ చూసింది, బిళ్ల ఏమీ లేదు. జ్వరం లేదు. అకాడమీలో పెద్ద పిల్లలు మాత్రం "నరం పట్టేసింది, వేడి నూనెతో గట్టిగా తోమిస్తే రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అంటున్నారు. వచ్చే నెల జిల్లా సెలక్షన్స్ ఉన్నాయి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

---

గ్రౌండ్_మాస్టారు_ఖమ్మం | సోమవారం రాత్రి 10:05

నాన్నగారూ, ముందు మర్దన ఆపించండి. చప్పుడు వచ్చిందంటే అది మామూలు పట్టేయడం కాకపోవచ్చు. నేను స్కూల్లో పీఈటీని. లాంగ్‌జంప్ పిల్లల్లో, స్ప్రింట్ పిల్లల్లో ఇలాంటివి చూశాను. పెద్దవాళ్లకైతే కండ చిరుగుతుంది, ఈ వయసు పిల్లలకి ఎముకే ఊడొస్తుంది. వివరం డాక్టర్లు చెబుతారు. రేపు ప్రాక్టీసుకి మాత్రం పంపకండి, "చూడటానికే" అని కూడా వద్దు. గ్రౌండ్‌కి వెళ్లిన పిల్లాడు కూర్చోడు.

---

పుత్తూరు_పక్కూరు | సోమవారం రాత్రి 10:31

మా వైపు చేతులు, కాళ్లు విరిగితే పుత్తూరు కట్టుకే వెళ్తారు సార్. మా నాన్నగారికి ముంజేయి విరిగితే కట్టుతోనే అతుక్కుంది. ఒకసారి ఆలోచించండి.

---

ఆర్థో_కర్నూలు | సోమవారం రాత్రి 11:20

పిల్లాణ్ని చూడకుండా ఇదే జబ్బని ఇక్కడ రాయలేను. కానీ మీరు చెప్పిన తీరు (ఒక్కసారిగా లాగడం, టక్‌మనడం, వెంటనే నడవలేకపోవడం, తొడని చేత్తో ఎత్తుకోవడం) వింటే ముందుగా అనుమానించాల్సింది ఎముక మొన ఊడటం. మేం అవల్షన్ ఫ్రాక్చర్ అంటాం.

ఎందుకంటే, ఎదిగే పిల్లల్లో కండరం పట్టుకుని ఉండే ఎముక మొనలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. మొనకీ అసలు ఎముకకీ మధ్య మృదులాస్థి పొర ఉంటుంది. దాన్నే గ్రోత్ ప్లేట్ అంటున్నాం. పద్నాలుగేళ్లకి కండరం బాగా బలిసిపోతుంది, కానీ ఆ పొర ఇంకా మెత్తగానే ఉంటుంది. ఆరని సిమెంట్‌లో దిగ్గొట్టిన మేకుకి తాడు కట్టి లాగితే తాడు తెగదు, మేకు ఊడొస్తుంది. అదే జరుగుతుంది.

తుంటి చుట్టూ ఇలాంటి మొనలు చాలా ఉన్నాయి. బెల్టు పెట్టుకునే చోట ముందువైపు చేతికి తగిలే ఎముక మొన ఉంటుంది కదా, అక్కడ సార్టోరియస్ కండరం మొదలవుతుంది. పరుగు పందెంలో స్టార్ట్ తీసుకునేటప్పుడు అది ఊడొస్తుంది. దానికి కాస్త కిందా లోపలా ఇంకో మొన, అక్కడ తొడ ముందు భాగంలోని రెక్టస్ ఫెమోరిస్. ఫుట్‌బాల్‌ని గట్టిగా తన్నినప్పుడు, మీ అబ్బాయిలా వెనక కాలు ఇరుక్కుని ఒళ్లు ముందుకు లాగినప్పుడు దెబ్బతినేది ఎక్కువగా ఇదే. కూర్చున్నప్పుడు కిందికి ఆనే ఎముక దగ్గర తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరం. హర్డిల్స్‌లో, జిమ్నాస్టిక్స్‌లో, కబడ్డీలో టో టచ్‌కి కాలు బాగా చాపినప్పుడు అది పోతుంది. ఈ మొనలు ఎముకలో కలిసిపోవడానికి పదహారు, పద్దెనిమిదేళ్లు పడుతుంది. కొన్నింటికి ఇరవై దాటుతుంది.

రేపు చేయాల్సింది: పెల్విస్ ఎక్స్‌రే. రెండు తుంటులూ ఒకే ఫిల్మ్‌లో పడాలి. నొప్పి ఉన్న వైపే తీయిస్తే ఈ వయసులో ఏది విరిగిన ముక్కో, ఏది మామూలు గ్రోత్ ప్లేటో పోల్చి చూడటం కష్టం. అప్పటిదాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వకండి. ఐస్‌ని గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి. మర్దన వద్దు, కాలు లాగి సాగదీయడం వద్దు, కాపడం వద్దు.

పుత్తూరు_పక్కూరు గారూ, మీ నాన్నగారికి నయమైనందుకు సంతోషం. ముంజేతిని చెక్కలతో కదలకుండా కట్టొచ్చు. తుంటి ముందున్న ఎముక మొనని బయటినుంచి ఏ కట్టూ పట్టుకోలేదు. పైగా అసలేం విరిగిందో ఎక్స్‌రే లేకుండా తెలియదు.

---

మేనత్త_గుంటూరు | మంగళవారం ఉదయం 7:15

డాక్టర్ గారూ, మీరు రెండు తుంటులూ తీయించాలన్నారు కాబట్టి మా ఇంట్లో సంగతి చెప్పాలనిపించింది. మా అన్నయ్య కొడుకుకి పన్నెండేళ్లు, కొంచెం లావుగా ఉంటాడు. క్రికెట్ కోచింగ్‌కి వెళ్లేవాడు. మోకాలు నొప్పి అనేవాడు. తుంటి నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. మోకాలి ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు. బరువు తగ్గించమన్నారు, దాంతో పొద్దున్నే పరిగెత్తించడం మొదలుపెట్టారు. వాడు కుంటుతూనే పరిగెత్తాడు. నడిచేటప్పుడు ఆ పాదం బయటికి తిరిగి ఉండేది. మా అందరికీ అది వాడి నడక తీరేమో అనిపించింది.

చివరికి వేరే ఊళ్లో పిల్లల ఎముకల డాక్టర్ గారు వాణ్ని పడుకోబెట్టి మోకాలు మడిచి తొడని పొట్టవైపు తీసుకెళ్లారు. కాలు నిటారుగా రాలేదు, దానంతటదే బయటికి తిరిగిపోయింది. ఆయన వెంటనే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఇక అడుగు కూడా వేయనివ్వొద్దన్నారు. తొడ ఎముక తల జారిందని చెప్పి స్క్రూ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ రెండో వైపు కూడా జారొచ్చని ఇంకా చూపిస్తూనే ఉన్నాం. మోకాలు నొప్పి అంటే తుంటి కూడా చూడమని అడగండి, దయచేసి.

---

ఆర్థో_కర్నూలు | మంగళవారం ఉదయం 8:02

మేనత్త గారూ, ఈ థ్రెడ్‌లో అందరూ తప్పక చదవాల్సిన పోస్ట్ మీది. దాన్ని స్లిప్డ్ క్యాపిటల్ ఫెమోరల్ ఎపిఫిసిస్ అంటారు, వాడుకలో స్కిఫీ. తొడ ఎముక పైన ఉండే గుండ్రటి తల గ్రోత్ ప్లేట్ దగ్గర జారిపోతుంది. ఎక్కువగా పది నుంచి పదహారేళ్ల మధ్య, బరువు ఎక్కువున్న పిల్లల్లో వస్తుంది. సన్నగా ఉన్న పిల్లలకి రాదని కాదు. తుంటి నుంచి మోకాలికి వెళ్లే నరాల వల్ల నొప్పి మోకాల్లోనో తొడలోనో తెలుస్తుంది, అందుకే నెలల తరబడి దొరక్కుండా పోతుంది. కాస్త జారినప్పుడే ఒక స్క్రూతో ఆపేస్తే పిల్లాడు మామూలుగా తిరుగుతాడు. ఉన్నట్టుండి పూర్తిగా జారితే ఆ తలకి రక్తం అందక ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఇది అదే రోజు ఆసుపత్రిలో చేర్చాల్సిన కేసు. పదేళ్లలోపు పిల్లల్లో గానీ, సన్నటి పిల్లల్లో గానీ కనిపిస్తే థైరాయిడ్ లాంటి హార్మోన్ పరీక్షలు కూడా చేయిస్తాం.

ఇంకో మాట, మగపిల్లల తల్లిదండ్రులందరికీ. ఈ వయసు కుర్రాళ్లు సిగ్గుతో వృషణాల నొప్పిని కూడా "గజ్జల్లో నొప్పి" అనే చెబుతారు. ఉన్నట్టుండి ఒకవైపు విపరీతమైన నొప్పి, వాంతి, వాపు ఉంటే అది వృషణం మెలిపడటం కావచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే దాన్ని చాలావరకు కాపాడుకోవచ్చు. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. పక్కకి తీసుకెళ్లి, చెయ్యి పెట్టి చూపించమని నేరుగా అడగండి. ఆట ఆడినరోజే వచ్చినా అది ఆట దెబ్బే అని అనుకోకండి.

అలాగే జ్వరం ఉండి, తుంటి కదిపితే ఏడ్చి, కాలు కింద పెట్టలేకపోతే కీలులో చీము పట్టిందేమో అదే రోజు చూడాలి.

---

పాలకొల్లు_నాన్న | మంగళవారం సాయంత్రం 6:48

డాక్టర్ గారూ, చాలా థాంక్స్ అండి. పొద్దున్నే తీసుకెళ్లాం. మీరు చెప్పినట్టు రెండు వైపులా ఎక్స్‌రే అడిగాం. కుడివైపు ముందు కింది మొన ఊడిందని చెప్పారు. సెంటీమీటరు కంటే తక్కువే జరిగిందట. ఆపరేషన్ అక్కర్లేదు, చంక కర్రలతో నడవమన్నారు, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. తుంటి తల బాగానే ఉందని కూడా చూసి చెప్పారు.

ఎముక ముక్క ఊడిందంటే దాన్ని తెచ్చి అతికించకుండా ఎలా అని ఇంట్లో అందరి అనుమానం. ఆపరేషన్ చేయిస్తే తొందరగా ఆడతాడేమో అని మా బావమరిది అంటున్నాడు.

---

ఆర్థో_కర్నూలు | మంగళవారం రాత్రి 10:10

మీ డాక్టర్ గారు సరిగ్గా చెప్పారు. వీటిలో ఎక్కువ శాతం ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటాయి. ముక్క దాదాపు రెండు సెంటీమీటర్లు దాటి జరిగితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం, కొందరు సర్జన్లు ఒకటిన్నర దగ్గరే ఆలోచిస్తారు. సెంటీమీటరు లోపు ఉన్న ముక్కకి స్క్రూ వేసినంత మాత్రాన వచ్చే నెల సెలక్షన్స్‌కి రెడీ కాడు, ఎముక అతకడానికి పట్టే టైం అంతే పడుతుంది.

ఇంట్లో వాళ్లకి రెండు సంగతులు చెప్పి ఉంచండి. ఒకటి: పడుకునేటప్పుడు మోకాలి కింద దిండు పెట్టి తుంటి కాస్త మడిచి ఉంచితే ఆ కండరం వదులుగా ఉంటుంది, నొప్పి తగ్గుతుంది. రెండు: కొన్ని వారాల తర్వాత తీసే ఎక్స్‌రేలో ఊడిన చోట కొత్త ఎముక గుబురుగా కనిపించొచ్చు. దెబ్బ సంగతి తెలియనివాళ్లు చూస్తే గడ్డేమో, ట్యూమరేమో అని అనుమానపడే అవకాశం ఉంది. వేరే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇవాళ్టి ఎక్స్‌రే, తేదీతో సహా తీసుకెళ్లండి. ఫిల్మ్ పారేయకండి.

---

ఆఫ్‌సైడ్_సికింద్రాబాద్ | బుధవారం ఉదయం 9:30

ముక్క ఊడటం ఒక్కసారిగా తెలిసే దెబ్బ. నేను ఫుట్‌బాల్ పిల్లలతో ఉంటాను, మాకు ఎక్కువ తలనొప్పి నెమ్మదిగా వచ్చేదానితో. పదిహేను, పదహారేళ్ల కుర్రాడు మొదట "మ్యాచ్ అయ్యాక గజ్జల్లో కాస్త గుంజుతోంది" అంటాడు. తర్వాత మ్యాచ్ మొదట్లో నొప్పి, ఒళ్లు వేడెక్కాక పోతుంది, రాత్రికి మళ్లీ వస్తుంది. వేడెక్కాక పోతోంది కాబట్టి ఆడేస్తాడు. అలా ఆడుతూ ఆడుతూ చివరికి మంచం మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా, తుమ్మినా, దగ్గినా నొప్పి. అప్పుడు మా దగ్గరికి వస్తారు.

పెద్ద ఆటగాళ్లకే తప్పడం లేదు. బార్సిలోనా కుర్రాడు లామిన్ యమాల్‌కి 2025లో పద్దెనిమిది నిండాయి, ఆ ఏడాదే ఈ నొప్పితో మ్యాచ్‌లకి దూరమయ్యాడు. అంతమంది డాక్టర్లు, ఫిజియోలు చుట్టూ ఉన్నవాడికే అలా అయితే, ఫిజియో అనే మనిషినే చూడని మన స్కూలు పిల్లల సంగతేంటి?

ఫిజియో ఎవరైనా ఉంటే ఈ నెమ్మదిగా వచ్చే నొప్పి గురించి రాయండి ప్లీజ్.

---

ఫిజియో_వరంగల్ | బుధవారం మధ్యాహ్నం 2:15

రాస్తాను అన్నా. "గజ్జల నొప్పి" అనే ఒక్క పేరుతో అన్నింటినీ కలిపేయడం వల్లే గందరగోళం. 2014లో ఖతార్‌లోని దోహాలో ఈ రంగంలో పనిచేసే నిపుణులు కూర్చుని దీన్ని విడదీశారు: తొడ లోపలి అడక్టర్ కండరాల వల్ల వచ్చేది, లోపలుండి తుంటిని మడిచే ఇలియోసోవాస్ కండరం వల్ల వచ్చేది, పొత్తికడుపు కింద హెర్నియా వచ్చే చోట ఉండేది, ముందు మధ్యలో రెండు జఘన ఎముకలు కలిసే చోట వచ్చేది. వీటికి తోడు తుంటి కీలుదే అయిన నొప్పి వేరు. ఎదిగే పిల్లల్లో వీటన్నిటికంటే ముందు గ్రోత్ ప్లేట్ బాగుందా అని చూడాలి.

ఇంట్లో చేయగలిగే చిన్న పరీక్ష ఒకటుంది. పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, రెండు మోకాళ్ల మధ్య ఫుట్‌బాల్ పెట్టి నొక్కమనండి. గజ్జల్లో నొప్పి పుడితే, లేదా మొన్న నొక్కినంత గట్టిగా ఇవాళ నొక్కలేకపోతే, ఆ వారం తన్నడం, దిశ మార్చి పరిగెత్తడం తగ్గించాలి. ఎముక విరిగిందేమో అనే అనుమానం ఉన్నవాడి మీద మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, పాలకొల్లు అన్నా, మీ వాడి మీద అసలొద్దు.

నొప్పి రాకుండా ఉండటానికి ఒక వ్యాయామం మా దగ్గరికి వచ్చే ప్రతి జట్టుకీ నేర్పిస్తాను. కోపెన్‌హాగన్ అడక్షన్ అంటారు. ఒక పక్కకి పడుకుని మోచేతి మీద లేవాలి. పైకాలుని పక్కనున్న పిల్లాడు పట్టుకుంటాడు, లేదా బెంచీ మీద ఆనించాలి. నడుము పైకెత్తి, కిందికాలుని పైకాలు దాకా తీసుకెళ్లి నెమ్మదిగా దించాలి. కొత్తవాళ్లు మడమ దగ్గర కాకుండా మోకాలి దగ్గర ఆనించాలి, బరువు తగ్గుతుంది. మొదటి వారం తొడ లోపల బాగా పట్టేసినట్టు ఉంటుంది, అందుకే కొద్దికొద్దిగా పెంచాలి. నార్వేలో సెమీ ప్రొఫెషనల్ మగ ఫుట్‌బాలర్లతో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది, దీన్ని సీజన్ అంతా చేసిన జట్లలో గజ్జల సమస్యలు 41 శాతం తగ్గాయి. వాళ్లు పెద్దవాళ్లు, ఆ అంకె మన పిల్లలకి యథాతథంగా వర్తిస్తుందని చెప్పను. కానీ దీనికి జిమ్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, మట్టి గ్రౌండ్‌లో దుప్పటి పరుచుకుని చేయొచ్చు. కబడ్డీ పిల్లలకి టో టచ్, సైడ్ కిక్ కోసం తొడ లోపలి బలం ఫుట్‌బాల్ వాళ్లకంటే తక్కువేం అవసరం కాదు.

---

గ్రౌండ్_మాస్టారు_ఖమ్మం | బుధవారం రాత్రి 8:50

బలం సంగతి సరే. నా బాధ వేరు. మా పిల్లాడొకడు స్కూలు జట్టుకి ఆడతాడు, సాయంత్రం అకాడమీ, ఆదివారం ఊరి యూత్ జట్టు, సంక్రాంతికి రాత్రిళ్లు లైట్ల కింద టోర్నమెంట్. స్కూల్లో నేను గంట ఆడించి "తక్కువే కదా" అనుకుంటాను. అకాడమీ కోచ్ కూడా అలాగే అనుకుంటాడు. యూత్ కెప్టెన్ కూడా. ముగ్గురి లెక్కా కలిపి చూసేవాడు ఎవడూ లేడు, తల్లిదండ్రులు తప్ప.

మా స్కూల్లో గోడ మీద పెన్సిల్‌తో ఒక్కో పిల్లాడి ఎత్తు నెలకోసారి గీస్తాను. నెలలో అర సెంటీమీటరు దాటి పెరిగితే ఆ పిల్లాడికి దూకుళ్లు, స్ప్రింట్లు తగ్గించి స్కిల్ పని ఎక్కువ చేయిస్తాను. మగపిల్లలకి సుమారు పద్నాలుగు, ఆడపిల్లలకి పన్నెండు దగ్గర ఎత్తు జోరుగా పెరుగుతుంది. ఆ టైంలో ఎముక పొడుగైపోతుంది, కండరం బిగుతుగా మిగిలిపోతుంది. నిన్నటిదాకా చక్కగా పరిగెత్తినవాడు ఉన్నట్టుండి తడబడతాడు. "బద్ధకం పెరిగింది" అని తిట్టే కోచ్‌లని చూశాను, అది బద్ధకం కాదు.

---

ఫిజియో_వరంగల్ | బుధవారం రాత్రి 9:25

మాస్టారూ, గోడ మీద గీత పద్ధతి ప్రతి అకాడమీలో ఉండాలి. దానికి ఇంకొకటి కలపండి: వారానికి క్రమబద్ధంగా ఆడే గంటలు పిల్లాడి వయసు అంకెను దాటకూడదు. పద్నాలుగేళ్లవాడికి మొత్తం పద్నాలుగు గంటలు, మూడు జట్లూ కలిపి. అమెరికాలో పిల్లల క్రీడాకారుల మీద చేసిన అధ్యయనంలో ఆ గీత దాటినవాళ్లలో అతిగా ఆడటం వల్ల వచ్చే తీవ్రమైన గాయాలు ఎక్కువ కనిపించాయి. వారంలో కనీసం ఒక రోజు పూర్తి సెలవు.

---

ఫ్రిస్కో_అమ్మ | గురువారం ఉదయం 6:30

టెక్సస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ అందరూ అబ్బాయిల గురించే రాశారు, ఆడపిల్లల గురించి కూడా ఎవరైనా చెప్పాలి. మా అమ్మాయి హైస్కూల్లో క్రాస్ కంట్రీ పరిగెడుతుంది. గజ్జల్లో లోపలెక్కడో నొప్పి, వేలు పెట్టి చూపించలేకపోయేది. పరిగెత్తితే వస్తుంది, ఆపితే పోతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఒంటికాలి మీద గెంతమంటే మాత్రం గెంతలేకపోయింది. స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ వెంటనే ఎంఆర్‌ఐ రాశారు. తుంటిలో తొడ ఎముక మెడ దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే చిన్న పగులు) మొదలైందట. పట్టించుకోకుండా పరిగెత్తి ఉంటే అది పూర్తిగా విరిగే చోటు అని చెప్పారు.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న కాలి గురించి కాదు, నెలసరి సక్రమంగా వస్తోందా అని. కొన్ని నెలలుగా రావడం లేదు. "పరిగెత్తే పిల్లలకి మామూలే" అని టీమ్‌లో అమ్మాయిలు చెప్పుకుంటున్నారట. మామూలు కాదు. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి అందకపోతే ఒళ్లు ముందు నెలసరిని ఆపేస్తుంది, తర్వాత ఎముక బలహీనమవుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. అబ్బాయిల్లో కూడా ఉంటుంది, కాకపోతే కనిపెట్టడానికి నెలసరి లాంటి గుర్తు ఉండదు.

మన ఇళ్లల్లో పాప సన్నగా ఉంటే మెచ్చుకుంటారు, లేదంటే "పరిగెత్తి నల్లబడుతోంది" అంటారు. అన్నం తింటోందా, నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగేవాళ్లు తక్కువ. మగ కోచ్‌తో గజ్జల్లో నొప్పి అని చెప్పడానికి అమ్మాయిలు సిగ్గుపడతారు, "కాలు నొప్పి" అని ఊరుకుంటారు. ప్రతి జట్టుకీ అమ్మాయిలు మాట్లాడగలిగే ఆడమనిషి ఒకరు ఉండాలి. టీచరైనా సరే, ఎవరో ఒకరి తల్లయినా సరే.

---

గ్రౌండ్_మాస్టారు_ఖమ్మం | గురువారం ఉదయం 8:10

అమ్మా, చివరి మాట ఇవాళే మా హెచ్‌ఎం గారితో మాట్లాడతాను. మా ఖోఖో అమ్మాయిలకి సైన్స్ టీచర్ గారైతే బాగుంటుంది, ఆవిడతో చనువుగా ఉంటారు.

---

ఆఫ్‌సైడ్_సికింద్రాబాద్ | గురువారం మధ్యాహ్నం 1:05

డాక్టర్ గారికి ఒక ప్రశ్న. మా పిల్లల్లో ఒకడికి కింద బాసిపట్టు వేసి కూర్చోవాలంటే తుంటి ముందువైపు గిల్లినట్టు నొప్పి. దెబ్బ ఏమీ తగల్లేదు. పదిహేడేళ్లు, ఏడేళ్ల వయసు నుంచి ఏడాది పొడుగునా ఫుట్‌బాలే.

---

ఆర్థో_కర్నూలు | గురువారం రాత్రి 10:45

తుంటి కీలు ఒరుసుకునే సమస్య కావచ్చు, ఎఫ్ఏఐ అంటాం. తొడ ఎముక తల గుండ్రంగా ఉండి, మెడ దగ్గర సన్నబడాలి. కొందరికి ఆ కలిసే చోట అదనంగా ఎముక పెరిగి ఉంటుంది. మోకాలు పైకి మడిచి లోపలికి తిప్పినప్పుడు అది ఆ తల కూర్చునే తుంటి గిన్నె అంచుకి తగులుతుంది. నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ అకాడమీ పిల్లలని కొన్నేళ్ల పాటు ఎక్స్‌రేలతో గమనించారు. ఎదిగే వయసులో ఆ ఎముక పెరుగుతూ వచ్చింది, గ్రోత్ ప్లేట్ మూసుకున్నాక పెరగడం ఆగింది. అంటే పన్నెండు నుంచి పదహారు మధ్య ఎంత ఆడించామనేది తుంటి ఆకారం మీదే ప్రభావం చూపుతుంది. చిన్నప్పుడే ఒకే ఆటకి కట్టేయొద్దని నేను చెప్పేది అందుకే. అలాంటి ఆకారం ఉన్న అందరికీ నొప్పి రాదు, ఎక్స్‌రేలో కనిపించిందని ఆపరేషన్‌కి పరిగెత్తకండి. ముందు కొన్ని నెలలు పిర్ర, తొడ బలం పెంచే ఫిజియో, లోతుగా స్క్వాట్ చేయడం ఆపడం, బాసిపట్టు బదులు కుర్చీ. తగ్గకపోతే తుంటి ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) చేసే సర్జన్‌కి చూపించండి.

నొప్పి మాత్ర వేసుకుని, ఇంజెక్షన్ చేయించుకుని మ్యాచ్ ఆడించడం మాత్రం ఈ వయసులో అస్సలు వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో పిల్లాడికి తెలియదు.

---

పాలకొల్లు_నాన్న | ఆదివారం రాత్రి 8:20

కర్రలతో నడక అలవాటైంది. నొప్పి బాగా తగ్గింది, అదే ఇప్పుడు సమస్య. "తగ్గిపోయింది కదా నాన్నా, సెలక్షన్స్‌కి వెళ్తా" అని రోజూ గొడవ. నిన్న చూస్తే కర్రలు గోడకి ఆనించి, ఒంటికాలి మీద గోడకేసి బాల్ తంతున్నాడు. ఎప్పుడు ఆడొచ్చో వాడికి నచ్చేలా ఎలా చెప్పాలి?

---

ఫిజియో_వరంగల్ | ఆదివారం రాత్రి 9:35

అన్నా, వాడికి తేదీ చెప్పకండి, పనులు చెప్పండి. తేదీ చెబితే ఆ తేదీ కోసం అబద్ధమాడతాడు. నేనైతే ఇలా చెబుతాను:

"ముందు డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి కర్రలు వదలమనాలి. తర్వాత కుంటకుండా నడవాలి, మెట్లెక్కాలి. తర్వాత పడుకుని కాలు నిటారుగా ఎత్తితే నొప్పి ఉండకూడదు. అప్పుడు నాతో బలం పెంచే పని మొదలవుతుంది. దెబ్బ తగిలిన కాలు బలం రెండో కాలి బలంలో తొంభై శాతానికి వచ్చాక జాగింగ్. జాగింగ్ అయ్యాక నేరుగా వేగంగా పరుగు, తర్వాత దిశ మార్చి పరుగు, చివర్లో కిక్‌లు, చివరికి చివర పక్కవాడు కాలు పట్టుకుంటే విడిపించుకోవడం."

ఒక మెట్టు మీద నొప్పి వస్తే కింది మెట్టుకి వచ్చి కొన్నాళ్లు ఆగాలి. ఇలాంటి దెబ్బకి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి నాలుగు. ముందే దూకితే సగం అతికిన ముక్క మళ్లీ ఊడొస్తుంది, అప్పుడు ఆపరేషన్ మాట నిజంగానే వస్తుంది. ఈ లోపు పైఒళ్లు ఖాళీగా ఉండక్కర్లేదు. కూర్చుని చేసే భుజాల పని, పట్టు బలం, రైడ్ వీడియోలు చూసి డిఫెండర్లు ఎక్కడ నిలబడుతున్నారో నోట్‌బుక్‌లో రాయడం, ఇవన్నీ చేయించండి. పిల్లాడికి జట్టుతో తెగిపోయినట్టు ఉండదు.

---

గ్రౌండ్_మాస్టారు_ఖమ్మం | ఆదివారం రాత్రి 10:00

నాన్నగారూ, బాబుకి ఇది కూడా చెప్పండి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 తర్వాత అండర్-17 ఉంది, దాని తర్వాత అండర్-19. ఈ ఏడాది పోతే దారి మూసుకుపోదు. అకాడమీ కోచ్‌కి మాటతో కాకుండా డాక్టర్ చీటీతో చెప్పండి, "పరుగు, దూకుడు, కిక్ నిషేధం" అని స్పష్టంగా రాయించి, ఒక కాపీ స్కూలు పీఈటీకి కూడా ఇవ్వండి. చీటీ చేతిలో ఉంటే మాలాంటివాళ్లం కూడా పైవాళ్లకి చూపించి పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టగలం.

---

పాలకొల్లు_నాన్న | సోమవారం ఉదయం 7:05

చీటీ ఇవాళే రాయించుకుంటాను మాస్టారూ. ఫిజియో గారూ, ఒక్క సందేహం. కర్రలు వదిలాక మా ఊరి దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో దించొచ్చా? నీళ్లలో బరువు పడదు కదా అని.

---

ఫిజియో_వరంగల్ | సోమవారం ఉదయం 7:40

దించొచ్చు అన్నా, డాక్టర్ గారు సరే అన్నాక. మొదట ఛాతీ లోతు నీళ్లలో నడక మాత్రమే. ఈత అయితే కాళ్ల మధ్య తేలే బోర్డు పెట్టి చేతులతో. కప్పలా కాళ్లు తన్నే బ్రెస్ట్‌స్ట్రోక్ వద్దు, గోడని కాళ్లతో నెట్టి ముందుకి దూసుకెళ్లడం వద్దు, గట్టుమీంచి దూకడం అసలే వద్దు. పూల్ మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి, తడి మెట్ల మీద కాలు జారితే మనం ఇన్నాళ్లు కాపాడిన మొన మీదే మళ్లీ లాగుడు పడుతుంది.